ఆకు మీద చల్లితే దుంప ఊరుతుందా?

పసుపు చేలో కొత్తగా విచ్చుకున్న ఆకు పాలిపోతే రైతు చెయ్యి ముందు యూరియా బస్తా మీదికే పోతుంది. ఎకరాకు ఇంకో అర బస్తా పడితే పచ్చబడుతుందన్నది ఏళ్ల తరబడి అలవాటైన లెక్క. యూరియా పడ్డాక పాత ఆకులు ముదురు పచ్చగా తిరుగుతాయి, కొత్త ఆకు మాత్రం ఇంకా తెల్లబడుతుంది. అప్పుడు ఆకు ఫోటో ఎరువుల కొట్టుకు వెళ్తుంది. అక్కడి నుంచి అరలీటరు సీసా ఒకటి ఇంటికి వస్తుంది. సీసా మీద ఆరేడు పోషకాల పేర్లు, బాగా ఊరిన దుంప బొమ్మ ఉంటాయి. ఏ పోషకం ఎంత శాతమో మాత్రం కళ్లద్దాలు పెట్టుకున్నా కనిపించనంత చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నత్రజని తక్కువైతే ముందు పసుపెక్కేవి కింది పాత ఆకులు. మొక్క తన పాత ఆకుల్లోని నత్రజనిని లాగి చిగురుకు పంపుకోగలదు. ఇనుమును అలా లాగలేదు. అందుకే ఇనుము లోపం పైన, లేత ఆకులో బయటపడుతుంది. ఈనెలు పచ్చగా నిలిచి, వాటి మధ్య భాగం లేత పసుపుగా మారుతుంది. ముదిరితే ఆకంతా తెల్లబడుతుంది. ఆర్మూరు, బాల్కొండ, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాల పసుపు రైతులకు ఇది కొత్త సంగతి కాదు. సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో, బైకార్బొనేట్లు ఎక్కువున్న బోరు నీళ్ల కింద ఈ బాధ మరీ ఎక్కువ. విరుగుడు ఖరీదైనదేమీ కాదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వారం పది రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే చిగురు పచ్చబడుతుంది. నిమ్మ ఉప్పు ఎందుకంటే, అది లేకపోతే అన్నభేది డ్రమ్ములోనే తుప్పు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఎర్ర నేల ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల. నల్లరేగడిలోనూ దానికి కరువు లేదు. మొక్క తాగగలిగే రూపంలో అది ఉండదు, అంతే. నేల ఉదజని సూచిక ఏడున్నర దాటే కొద్దీ ఇనుము కరగని రూపంలోకి వెళ్లిపోతుంది. అలాంటి నేలలో అన్నభేదిని ఒట్టిగా చల్లితే అదీ కొద్ది రోజుల్లో అదే దారి పడుతుంది. కాబట్టి ఇనుము విషయంలో పిచికారీయే సరైన దారి, నేలకు వేసినది దండగ. ఈ ఒక్క అనుభవం నుంచి మన రైతాంగం, కొట్టువాళ్లు, కొంతవరకు వ్యవసాయ సలహాదారులూ ఒక సూత్రం తయారు చేసుకున్నారు: సూక్ష్మ పోషకం అంటే ఆకు మీద కొట్టేది అని. పసుపు ఇనుముకు సరిపోయిన ఈ సూత్రాన్ని కందకు, కర్రపెండలానికి, బీట్‌రూట్‌కు, ముల్లంగికి, అన్ని పోషకాలకూ పులిమేయడంతోనే చిక్కు వచ్చింది.

వరిలో గింజ పైన కాస్తుంది, మిరపలో కాయ పైన కాస్తుంది. ఆకు మీద పడిన పోషకం అక్కడికి చేరడానికి ఎంతో దూరం లేదు. దుంప పంటలో అమ్ముకునే సరుకంతా మట్టి కింద ఉంటుంది. ఆకు తయారుచేసిన చక్కెర కిందికి దిగి పిండిపదార్థంగా మారితేనే దుంప ఊరుతుంది. ఆకు మీద కొట్టిన పోషకం కూడా అలాగే కిందికి దిగుతుందా అంటే, అది ఏ పోషకం అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్ని దిగుతాయి. కొన్ని కొంచెం దిగుతాయి. బోరాన్, కాల్షియం చాలా పంటల్లో దిగనే దిగవు. వేరు పీల్చిన నీళ్లతో పైకి ఎక్కడమే వాటికి తెలుసు. ఎక్కిన చోట ఆగిపోతాయి.

బోరాన్ కథ దుంపలతోనే ముడిపడి ఉంది. మొక్కలకు బోరాన్ తప్పనిసరి అని ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో క్యాథరిన్ వారింగ్టన్ 1923లో బాకలా చిక్కుడు మీద నిరూపించారు. దాని విలువ వ్యవసాయానికి తెలిసివచ్చింది మాత్రం యూరప్ చక్కెర దుంప చేలల్లో. దుంప నడిబొడ్డు నల్లబడి కుళ్లిపోయే జబ్బుకు ఏ శిలీంధ్రమో కారణమని అప్పటిదాకా అనుకునేవారు. అది బోరాన్ లోపమని 1931లో బ్రాండెన్‌బర్గ్ తేల్చాడు. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఎర్ర నేలల్లో బీట్‌రూట్ కోసినప్పుడు లోపల కనిపించే నల్లటి బెండు మచ్చలు, ముల్లంగి మధ్యలో గోధుమ రంగు గుల్ల, ఇవన్నీ ఆ వంశంలోవే. పైకి దుంప నిగనిగలాడుతుంది. మార్కెట్లో ఒకటి కోసి చూశాక ధర పడిపోతుంది.

వాన మొహం చాటేసిన సంవత్సరాల్లో ఈ మచ్చలు ఎక్కువవుతాయి. బోరాన్ నీటితో పాటే వేరులోకి వస్తుంది గనుక పైనేల ఎండితే నేలలో ఉన్నది కూడా అందదు. సున్నం అతిగా వేసినా అంతే. ఇలాంటి సమయంలో ఆకు మీద బోరాన్ కొడితే ఆ ఆకుకు మేలు జరగవచ్చు, బీట్‌రూట్ లోపలి కణజాలానికి మాత్రం అది చేరేది అంతంత మాత్రమే. క్యారెట్ కుటుంబం ఇందుకు కొంత మినహాయింపు. వాటిలో ఉండే మానిటాల్ అనే చక్కెర బోరాన్‌ను వెంటబెట్టుకుని కిందికి తీసుకుపోగలదు. ఒకే చేలో పక్కపక్క మడుల్లో క్యారెట్, బీట్‌రూట్ వేసిన రైతుకు ఒకే పిచికారీ ఒకచోట పనిచేసి ఇంకోచోట పనిచేయకపోవడం వింతగా తోస్తుంది. ఇది కొట్టాయన చెప్పగలిగే సంగతి కాదు. చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

కాబట్టి బోరాన్ తక్కువని పరీక్షలో తేలితే బీట్‌రూట్, ముల్లంగి, చిలగడదుంప వేసే ముందే ఎకరాకు సుమారు 4 కిలోల బోరాక్స్ ఆఖరి దుక్కిలో నేలకు ఇవ్వాలి. బోరాక్స్ అంటే మన పాత వెలిగారమే. అందులో బోరాన్ పదిన్నర శాతం. నాలుగు కిలోలను ఎకరమంతా సమంగా చల్లడం చేత్తో అయ్యే పని కాదు. చివికిన పశువుల ఎరువులోనో, ఇసుకలోనో కలిపి వెదజల్లాలి. బాగా పనిచేసింది కదా అని మళ్లీ పంటకు ఎనిమిది కిలోలు వేసేవాళ్లున్నారు. బోరాన్ చాలకపోవడానికీ ఎక్కువై విషమవడానికీ మధ్య ఎడం చాలా తక్కువ. మోతాదు మించితే బీట్‌రూట్ తట్టుకుంటుంది గానీ, దాని వెనక వేసిన చిక్కుడో మినుమో ఆకు అంచులు మాడి చెబుతుంది. పరీక్ష లేకుండా బోరాన్ వేయకూడదని గట్టిగా అనడం ఇందుకే. జింకుతో ఇంత భయం లేదు.

జింకు సంగతి వేరు. అది నేలలో వేస్తే నిలుస్తుంది. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ ఒకసారి వేస్తే మూడు పంటల దాకా చూసుకోనక్కర్లేదన్నది వరి రైతులకు అలవాటైన సిఫారసు. అయితే దాన్ని దేనితో కలిపి వేస్తున్నాం అన్న దగ్గర దెబ్బ తింటున్నాం. దుక్కిలో డీఏపీ వేసేటప్పుడే పని కలిసొస్తుందని జింక్ సల్ఫేట్ కూడా అందులో కలిపేస్తారు. దీని ఫలితం చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. రెండు గాజు గ్లాసులు చాలు. ఒకదానిలో కాస్త డీఏపీ కరిగించి తేట తీసుకోండి. రెండో దానిలో జింక్ సల్ఫేట్ కరిగించండి. ఒకదానిలో ఒకటి పోస్తే పాలు విరిగినట్టు తెల్లగా గడ్డలు కడుతుంది. నీళ్లలో కరగని జింక్ ఫాస్ఫేట్ అది. చాళ్లలో కలిపి వేసినప్పుడు మట్టిలో జరిగేది కూడా ఇదే. రైతు రెండింటికీ డబ్బు పెట్టి, రెండూ మొక్కకు అందకుండా చేసుకుంటున్నాడు.

ఇదే గ్లాసు పరీక్షకు ఇంకో ఉపయోగం ఉంది. జింక్ సల్ఫేట్‌లో చవకైన మెగ్నీషియం సల్ఫేట్ కల్తీ చేయడం పాత విద్య. పలుకులు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. డీఏపీ తేటలో పోసినప్పుడు గడ్డకట్టకుండా తేటగా మిగిలిందంటే మీరు కొన్నది జింకు కాదు. రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో ఈ రెండు గ్లాసుల ప్రదర్శన ఏడాదికోసారి పెడితే కల్తీ గురించీ కలిపి వేయడం గురించీ ఇచ్చే నూరు ప్రసంగాలకు సమానం. ఖర్చు ఓ ఇరవై రూపాయలు.

జింకు ఇవ్వడంలో కర్రపెండలం రైతుకు ఇంకా చవకైన దారి ఉంది. ఆ పంట జింకు లోపానికి త్వరగా లొంగుతుంది. లేత ఆకుల మీద తెల్లటి చుక్కలు, చారలు వస్తాయి, తమ్మెలు సన్నబడతాయి. పెద్దాపురం, రంగంపేట, గండేపల్లి, జగ్గంపేట మెట్ట ఎర్ర నేలల్లో ఇది వర్షాధారపు పంట. చేతిలో డబ్బు ఆడని రైతు ఎకరాకు 20 కిలోల జింకు కొనమంటే కొనడు. కొలంబియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రం చాలాకాలం క్రితమే చెప్పిన పద్ధతి ఏమిటంటే, నాటబోయే కాండపు ముచ్చెలను 2 నుంచి 4 శాతం జింక్ సల్ఫేట్ ద్రావణంలో పావుగంట ముంచి నాటడం. వంద లీటర్ల తొట్టికి రెండు కిలోలు చాలు. మూడడుగుల ఎడంతో నాటితే ఎకరాకు పట్టేవి దాదాపు ఐదు వేల ముచ్చెలు. విడతలు విడతలుగా అదే తొట్టిలో ముంచుకోవచ్చు. మొక్కకు తొలి రెండు మూడు నెలల్లో వేరు బలం పుంజుకోవడానికి ఆ కాస్త జింకే ఊపిరి. నేలలో లోపం తీవ్రంగా ఉంటే దుక్కిలో వేయాల్సిందే. ఓ మోస్తరుగా ఉన్న చోట ఈ ముంచుడే సరిపోతుంది. ఇంత సులువైన పద్ధతి సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లుల చుట్టుపక్కల ప్రతి ఊళ్లో గోడ మీద రాసి ఉండాలి. లేదు.

ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు వెతికితే మన సూక్ష్మ పోషక పరిజ్ఞానం మొత్తం వరి చుట్టూ అల్లుకున్నదని అర్థమవుతుంది. 1960ల నడుమ హిమాలయాల దిగువ తెరాయి ప్రాంతంలో వరి పైరు తుప్పు రంగుకు తిరిగి ఎండిపోతుంటే, పంత్‌నగర్‌లో యశ్వంత్ నేనే అనే శాస్త్రవేత్త అది తెగులు కాదనీ జింకు లోపమనీ తేల్చారు. ఆ ‘ఖైరా’ జబ్బే దేశానికి జింకు పాఠం నేర్పింది. ఆయన తరువాత పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఉన్నత బాధ్యతల్లో పనిచేశారు, సికింద్రాబాద్‌లో ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థను స్థాపించారు. కాబట్టి ఆయన కొంత మనవాడే. వరిలో నేర్చిన ఆ పాఠాన్ని అప్పజెప్పుకుంటూ పోయాం. గోదావరి లంకల్లో అరటి మధ్య కంద వేసే రైతు తన పంటకు విడిగా ఏం కావాలో అడిగితే, వరి సిఫారసునే కాస్త పెంచి చెప్పే అధికారులు ఇప్పటికీ ఉన్నారు.

భూసార ఆరోగ్య కార్డుల పథకం ఈ లోటును తీర్చాల్సింది. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైన ఆ పథకం ప్రతి కార్డులో 12 అంశాలు చెబుతుంది. వాటిలో జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్ ఉన్నాయి. అంతవరకు మంచి ఆలోచనే. అమలు దగ్గరికి వస్తే, సాగునీటి భూముల్లో రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, మెట్టలో పది హెక్టార్లకు ఒకటి. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలు. ఆ పాతిక ఎకరాల్లో ఎర్ర చెల్క, గరప, కాస్త సున్నపు పాటి అన్నీ ఉండొచ్చు. వచ్చే కార్డు మాత్రం అందరికీ ఒకటే. నమూనా తీసే లోతు 15 సెంటీమీటర్లు. వరి వేరుకు అది సరిపోతుంది. పసుపు, క్యారెట్, కర్రపెండలం అంతకన్నా కిందికి వెళ్లి మేస్తాయి. నేను చూసిన కార్డుల్లో సిఫారసులన్నీ వరికీ, పత్తికీ, వేరుశనగకూ రాసినవే. కంద, చేమ, కర్రపెండలం పేరు ఒక్కదాని మీదా కనిపించలేదు.

ఇన్ని లోపాలున్నా పరీక్షలు చెప్పిన అసలు సంగతిని కాదనలేం. భారత వ్యవసాయ పరిశోధన మండలి దేశవ్యాప్తంగా రెండు లక్షలకు పైగా నమూనాలు విశ్లేషించినప్పుడు 36.5 శాతం నేలల్లో జింకు, 23.2 శాతం నేలల్లో బోరాన్, 12.8 శాతం నేలల్లో ఇనుము చాలడం లేదని తేలింది. ఇక్రిశాట్ అంతకు ముందే మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు మెట్ట భూముల్లో గంధకం, జింకు, బోరాన్ మూడూ కలిసికట్టుగా కరువైన పొలాలు విస్తారంగా ఉన్నాయని చూపింది. ఈ అంకెలను ఇంకోవైపు నుంచి కూడా చదవాలి. జింకు చాలని నేలలు మూడో వంతుకు పైగా ఉంటే, చాలినంత ఉన్నవి దాదాపు మూడింట రెండు వంతులు. ఆ రెండు వంతుల్లో జింకు కోసం పెట్టిన ప్రతి రూపాయీ అనవసరపు ఖర్చే. అయినా మిశ్రమాల అమ్మకం లోపమున్న ఊరు, లేని ఊరు అని చూసుకుని సాగదు.

మిశ్రమాల లెక్క కూడా చూద్దాం. జింక్ సల్ఫేట్‌లో 21 శాతం జింకు. ఎకరాకు 20 కిలోలు నేలకు వేస్తే 4 కిలోల 200 గ్రాముల జింకు పడుతుంది. అదే జింక్ సల్ఫేట్‌ను లీటరుకు 2 గ్రాముల చొప్పున 200 లీటర్ల నీళ్లతో పిచికారీ చేస్తే పడేది 84 గ్రాములు. ఇక 12 శాతం జింకు ఉన్న చీలేటెడ్ (పోషకాన్ని పట్టి ఉంచే పదార్థంతో కట్టిన) పొడిని లీటరుకు గ్రాము చొప్పున కొడితే 24 గ్రాములు. ఆ 24 గ్రాములు ఆకులోకి తేలిగ్గా వెళ్తాయి, నిజమే. నిలబడ్డ పైరులో లోపం కనిపిస్తే తక్షణం ఆదుకునేది అదే. అలాగని ఏళ్ల తరబడి జింకు తరిగిపోయిన నేల ఆకలి అంతమాత్రానికి తీరదు. సీసా కొన్న రైతుకు ఈ తేడా ఎవరూ చెప్పరు. ఇనుము చీలేట్లలో ఇంకో మోసం లాంటిది ఉంది. ఈడీటీఏతో కట్టిన ఇనుము ఆమ్ల నేలల్లోనే నిలుస్తుంది. సున్నపు నేలలో డ్రిప్ ద్వారా వదిలితే కొద్ది రోజుల్లో చీలేటు ఇనుమును వదిలేసి కాల్షియంను పట్టుకుంటుంది. అలాంటి నేలకు ఈడీడీహెచ్ఏ రకం కావాలి, అది బాగా ఖరీదు. ఇనుము లోపం వచ్చేదే సున్నపు నేలల్లో. అక్కడే డ్రిప్‌లో ఈడీటీఏ ఇనుము వదలమని సలహా ఇస్తున్నారు. అన్నభేది, నిమ్మ ఉప్పు పిచికారీయే దానికన్నా ఎన్నో రెట్లు నయం.

దీనంతటికీ కొట్టువాళ్లనే తిట్టి ప్రయోజనం లేదు. వాళ్లు అమ్ముకోవడానికే కూర్చున్నారు. విధానమే వాళ్లకు ఆ దారి పరిచింది. 45 కిలోల యూరియా బస్తా రూ. 270 లోపు, 50 కిలోల డీఏపీ రూ. 1,350కి ప్రభుత్వం అందిస్తోంది. వాటి అసలు ఖరీదులో ఎక్కువ భాగం ఖజానాయే భరిస్తోంది. 2010 ఏప్రిల్‌లో మొదలైన పోషక ఆధారిత సబ్సిడీ పథకంలో, ఎరువుకు జింకు జోడిస్తే టన్నుకు రూ. 500, బోరాన్ జోడిస్తే రూ. 300 అదనమని పెట్టారు. 50 కిలోల బస్తాకు లెక్క కడితే జింకుకు 25 రూపాయలు, బోరాన్‌కు 15. ఏ కంపెనీ అయినా ఆ ముష్టి కోసం తయారీ పద్ధతి మార్చుకుంటుందా? విడిగా అమ్మే జింక్ సల్ఫేట్‌కు, బోరాక్స్‌కు ఆ కేంద్ర పథకంలో చోటే లేదు. రాష్ట్రాలు ఎప్పుడైనా తలచుకుంటే ఇస్తాయి. ఉమ్మడి రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ కొన్నేళ్లు జింకు, బోరాన్, జిప్సం ఉచితంగా పంచింది. పంచడం మంచిదే. పరీక్ష ఫలితం చూడకుండా ఊరూరికీ బస్తాలు దించడం వల్ల చాలాచోట్ల అవి గోదాముల్లో గడ్డకట్టాయి, అవసరమున్న చోట చాలలేదు.

చవక యూరియా, చవక డీఏపీ పెట్టిన ఇంకో చిచ్చు నేలలో భాస్వరం పేరుకుపోవడం. ఏటా పడిన డీఏపీలో మొక్క వాడుకునేది కొంతే, మిగిలింది నేలలో చేరుతుంది. భాస్వరం ఎక్కువైన నేలలో జింకు ఉన్నా వేరుకు అందడం కష్టమవుతుంది. కాలువల కింద పసుపు, కంద వేసే దుగ్గిరాల, తెనాలి, కొత్తపేట ప్రాంతాల రైతుల్లో చాలామందికి సూక్ష్మ పోషకాలు కొనడం కన్నా ముందు చేయాల్సిన పని డీఏపీ తగ్గించడమే. ఇది విన్న రైతు నమ్మడు. నమ్మించడం విస్తరణ సిబ్బంది పని, వాళ్ల చేతిలో నేల ఫలితం ఉంటే నమ్మించడం కష్టం కూడా కాదు. పొటాష్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆకులో తయారైన చక్కెరను దుంపకు చేర్చడంలో పొటాష్‌దే పెద్ద పాత్ర. దాన్ని ఎగ్గొట్టి బోరాన్, జింకు కొట్టినందువల్ల దుంప ఊరదు.

పంటను బట్టి, నేలను బట్టి పోషకం ఇవ్వాలన్నది ఎవరూ కనిపెట్టాల్సిన కొత్త సంగతి కాదు. పని జరిగే ఉంది. 1963లో తిరువనంతపురంలో ఏర్పాటైన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ కర్రపెండలం, చిలగడదుంప, కంద వంటి పంటలకు విడివిడిగా ‘మైక్రోనాల్’ పేరుతో సూక్ష్మ పోషక ద్రావణాలు రూపొందించింది. కోజికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ పసుపుకు, అల్లానికి విడి మిశ్రమాలు చేసింది. అంతేగాక నేల ఉదజని సూచిక 7కు లోపు ఉంటే ఒకటి, పైన ఉంటే ఇంకొకటి. నాటిన 60, 90 రోజులకు లీటరుకు 5 గ్రాముల చొప్పున కొట్టమంది. ఇవీ పిచికారీలే కదా అని అడగవచ్చు. అవును, పిచికారీలే. తేడా ఏమిటంటే ఇవి పంటనూ నేలనూ చూసి చేసినవి, దుంప ఊరడం మొదలవక ముందే వేసేవి, దుక్కిలో ఎరువు సక్రమంగా పడిందన్న లెక్కతో సిఫారసు చేసినవి. మన కొట్లలో దొరికే సీసాకు పొద్దుతిరుగుడూ పసుపూ ఒకటే. కేరళ ఆమ్ల నేలల మీద రూపొందిన మిశ్రమం నిజామాబాద్ సున్నపు నేలకు తెచ్చి వాడితే ఫలితం దక్కకపోవచ్చు. అందుకే 7కు పైన ఉన్న నేలల రకాన్ని అడిగి తెప్పించుకోవాలి. ఇక్కడి నేలల మీద ఇక్కడే నిగ్గుతేల్చాలి కూడా. కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన స్థానం, పెద్దాపురం ఉద్యాన పరిశోధన స్థానం ఉన్నది అందుకే.

2021లో పెరుగుదల ప్రేరకాలను (బయోస్టిమ్యులెంట్లను) ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చినప్పుడు ఈ సీసాల గోల తగ్గుతుందని అనుకున్నాం. నియమాలొచ్చాయి, గడువులు పెరుగుతూ పోయాయి. 

పశువుల ఎరువు దండిగా వేస్తే ఇవేవీ అక్కర్లేదన్నది ఇంకో వాదన. ఇందులో సగం నిజం ఉంది. గొర్రెల మంద పెట్టించిన చేలో, చెరువు పూడిక మట్టి తోలిన చేలో లోపాలు తక్కువగా ఉంటాయని రైతులకు ఎప్పుడో తెలుసు. తెలంగాణ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కింద తవ్విన పూడికను పొలాలకు తోలుకున్నవాళ్లు ఆ తేడా చూశారు. సేంద్రియ పదార్థం ఉన్న జింకును, ఇనుమును కరిగే రూపంలో నిలిపి ఉంచుతుంది. ఒక వంతు జింక్ సల్ఫేట్‌ను పది వంతుల చివికిన ఎరువులో కలిపి, తడి ఆరకుండా నెల రోజులు మాగబెట్టి వేస్తే వట్టి జింకు కన్నా బాగా అందుతుంది. సున్నపు నేలలో అన్నభేదిని నేలకు వేయక తప్పదనుకుంటే ఇదొక్కటే మార్గం. అయితే నేలలోనే బోరాన్ లేనప్పుడు, ఆ నేలలో పెరిగిన గడ్డి తిన్న పశువు పేడలోనూ అది పెద్దగా ఉండదు. ప్రకృతి సాగు చేసే మిత్రులు ఈ మాటకు కోపం తెచ్చుకోకుండా తమ పొలం మట్టిని కూడా ఒకసారి పరీక్షకు పంపితే మంచిది.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న మొదలైంది, నిజామాబాద్ దాని కేంద్రం. పసుపు ధర, ఎగుమతి, బ్రాండు గురించి చాలా మాటలు వింటున్నాం. కుర్కుమిన్ శాతం పెరగాలన్నా, కొమ్ము బరువు పెరగాలన్నా మొదలు నేల దగ్గరే. బోర్డు తొలి రెండేళ్లలో చేయగలిగిన పని ఒకటుంది: నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ పసుపు మండలాల్లో ప్రతి పొలానికి 30 సెంటీమీటర్ల లోతు నమూనాతో ఇనుము, జింకు, బోరాన్ పటం గీయించి గ్రామ పంచాయతీ గోడ మీద పెట్టడం. కర్రపెండలానికి ఆ పని సామర్లకోట స్టార్చి మిల్లులు తమ సొంత లాభం కోసమైనా చేయించాలి. పిండిపదార్థం ఎక్కువున్న దుంప వాళ్లకే లాభం. పుట్టికి ఇంత అని కొనే అలవాటు పోయి పిండి శాతాన్ని బట్టి ధర కట్టిన రోజున రైతు తనంతట తానే జింకు గురించి అడుగుతాడు.

కొవ్వూరు ప్రాంతపు కందలోంచి ఎంపికై దేశమంతా పాకిన ‘గజేంద్ర’ రకాన్ని ఇచ్చింది మనమే. దాన్ని పండించే నేలకు ఏం తక్కువో చెప్పే కార్డు ఆ రైతుకు మనం ఇవ్వలేకపోవడం సిగ్గుపడాల్సిన విషయం.

పసుపు, కర్రపెండలం నాటేది తొలకరికి. పరీక్ష ఫలితం చేతికి రావాలంటే మట్టి ఏప్రిల్‌లోనే తీయాలి. ఇనుప పార మొనకు అంటిన మట్టి, జింకు పూత బకెట్టులో వేసిన మట్టి సూక్ష్మ పోషక పరీక్షకు పనికిరావు, అంకెలు తప్పుగా వస్తాయి. కర్రతో తవ్వి, ప్లాస్టిక్ బకెట్టులో కలిపి, గుడ్డ సంచిలో పంపండి. మామూలు పరీక్షలో బోరాన్ చూడకుండా వదిలేసే ప్రయోగశాలలున్నాయి, కాబట్టి బోరాన్ కూడా కావాలని నమూనా చీటీ మీద రాయండి. ఫలితంలో జింకు కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాములకు, బోరాన్ 0.5కు, ఇనుము 4.5కు తక్కువ ఉంటేనే వాటి మీద డబ్బు పెట్టండి.